ఎనభై తొమ్మిది, వానలు

మే 9, 2011

పొద్దున్నే గ్లెండన్ హోక్ వచ్చాడు. టోపీ తియ్యకుండా వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాడు టోపీ తియ్యలేదంటే కబురు మంచిది కాదు. నా దగ్గర జామెట్రీ తప్పినవాళ్లలో వాడొకడు. ఇప్పుడు ఊళ్లో దాణా కొట్టూ వాడిదే, జట్టు అధ్యక్ష పదవీ వాడిదే.

"మంచాలు లేవు మాస్టారూ," అన్నాడు.

"ఎన్ని తక్కువ?"

"తొమ్మిదిళ్లే ఒప్పుకున్నాయి. ఇంటికిద్దరేసి సర్దినా ఏడుగురు మిగులుతున్నారు. చర్చి కింద గదిలో మడత మంచాలు వేయిస్తున్నా. ఈ ఏడే ఆఖరు. కమిటీలో చేతులెత్తేశాం."

ఒకప్పుడు ఈ ఊళ్లో ఇరవై ఆరు ఇళ్లు తలుపులు తీసేవి. జూన్‌లో ఎక్కడెక్కడి కాలేజీల కుర్రాళ్లో బస్సు దిగేవారు. ఇళ్లల్లో తిని, పడుకుని, ఆగస్టు దాకా మా రాఫ్టర్స్ జట్టుకు బేస్‌బాల్ ఆడి వెళ్లిపోయేవారు. వాళ్లకు వంట చేసిపెట్టిన ఆడవాళ్లను వేసవి అమ్మ అని పిలిచేవారు. ఆ అమ్మల్లో సగం మంది ఇప్పుడు కొండ మీది శ్మశానంలో ఉన్నారు. జట్లు మైదానం లేక పోతాయని విన్నాను, జనం రాక పోతాయని విన్నాను. మంచాలు లేక పోవడం మా టార్బెల్ ఫాల్స్‌లోనే చూశాను.

గ్లెండన్ లేస్తూ అసలు సంగతి చెప్పాడు. జట్టు చరిత్ర నేను రాయాలట, ఏడాదికో పేజీ. ఆఖరి ఆట రోజు అందరికీ పంచుతారట.

"మొదటి రోజు నుంచి స్కోరు రాసింది మీరొక్కరే కదా. ఇంకెవరికి తెలుసు?"

1973 నుంచి 2011, ముప్పై తొమ్మిది వేసవులు. నలభై కూడా కాలేదు. లెక్కల మాస్టారికి ఇది మింగుడుపడదు.

మే 10

చరిత్రలోకి ఎక్కనివి ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. అందుకే ఈ నోటుబుక్కు. ఇంకెవరూ చదవరు.

నాకు కావలసింది ఒక్కటే, ఇక్కడైతే రాసుకోవచ్చు. ఆగస్టు 6న ఆఖరి ఆటకు మా ఆవిడ ఆడ్రా రావాలి. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చోవాలి. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆటకూ రెండు మడత కుర్చీలు మోసుకెళ్తున్నాను. రెండోదాని మీద కాఫీ ఫ్లాస్కు పెడతాను. ఊళ్లో ఎవరూ దాన్ని పక్కకు జరపమని అడగరు.

ఆమె రాకపోవడానికి కారణం గడ్డి. ఆమెకు గడ్డి పడదు, తుమ్ములు.

మే 16

1973, 74, 75 పూర్తయ్యాయి. చేత్తో రాసి ఇస్తే ఆడ్రా కంప్యూటర్లో కొడుతోంది. అడగకుండానే కూర్చుంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా, మొదటి మేనేజరు పళ్లసెట్టు మైదానంలో పారేసుకున్న చోట.

చరిత్ర మొదటి పేజీలో స్కోరర్ అంటే ఏమిటో రాశాను, కొత్తవాళ్లకు తెలియాలి కదా. "బంతి చేజారితే అది కొట్టినవాడి ప్రతిభా, పట్టేవాడి తప్పా అని తేల్చాలి. ప్రతిభ అయితే హిట్. తప్పయితే ఎర్రర్, అది పట్టేవాడి పేరున పడుతుంది. తేల్చేది స్కోరర్ ఒక్కడే. అతనికి చుట్టాలుండరు."

ఆఖరి వాక్యం ఆడ్రా కొట్టకుండా వదిలేసింది. మరిచిపోయి ఉంటుంది. నేనే కలిపాను.

మే 24

1976. మన కుర్రాడొకడు ఒకే ఆటలో రెండుసార్లు బంతిని మైదానం అవతలి మిల్లు కప్పు మీదికి కొట్టాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో వాన పడి ఆట ఆగిపోయింది. బేస్‌బాల్‌లో ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, కనీసం ఐదు నిండకపోతే ఆ ఆట జరగనట్టే లెక్క. పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశాను. వాళ్ల నాన్న నా బల్ల దగ్గరికొచ్చి, "అయ్యా, బంతులు ఇంకా కప్పు మీదే ఉన్నాయి, కావాలంటే నిచ్చెన వేసి చూడండి," అన్నాడు. నియమం నియమమే అన్నాను. అప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. నియమం అనే మాట చాలా ఇష్టంగా పలికేవాణ్ణి.

పొద్దున ఆడ్రా పెరట్లో గడ్డి కోసింది. గంటన్నర పట్టింది.

జూన్ 4

మొదటి ఆట. ఓడాం. జనం నూట పదిమంది. ఫ్లాస్కు, కుర్చీ.

జూన్ 9

1988 పేజీ అయింది. ఆ ఏడు మా జట్టే గెలిచింది, రెండు పేజీలు పట్టింది. తర్వాత 1990 మొదలుపెట్టాను.

89లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. వానలు.

జూన్ 14

రాత్రి భోజనంలో బఠానీలు గాజు గిన్నెలో పెట్టింది. నీలం గిన్నెలు ఆరుండేవి, పెళ్లికి వాళ్ల మేనత్త ఇచ్చినవి. ఒకటి ఎప్పుడో పోయింది. ఐదు మిగిలాయి, అందుకని ఐదూ వాడదు.

"ఆరోది ఉంటే నీలంవే తీసేదాన్ని," అంది, నా వైపు చూడకుండా.

"నేను పగలగొట్టలేదని ఎన్నిసార్లు చెప్పను?"

"మరి గాల్లో కలిసిపోయిందా? ఇంట్లో ఉన్నది మనిద్దరం."

మనిద్దరమూ, ఏటా వేసవికొచ్చే ఒక కుర్రాడూ. ఆ మాట నేను అనలేదు. వాళ్ల గురించి ఆమె దగ్గర ఎత్తను.

జూన్ 20

గ్లెండన్ దాణా బస్తాల మీద కూర్చుని నా పేజీలు చదివాడు. 1989 దగ్గర ఆగాడు. నేను రాసింది ఒక్క వాక్యం: ఆ ఏడు వానలు ఎక్కువ, ఆటలు సరిగా సాగలేదు.

"ఎనభై తొమ్మిదిలోనా వానలు? ఆ ఏడు మా నాన్న మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది మాస్టారూ. నదిలో రాళ్లు బయటపడ్డాయి. నేనూ మా అన్నా ఆ రాళ్ల మీద నడిచి అవతలి ఒడ్డుకు పోయాం."

"అయితే తొంభై ఒకటి అయి ఉంటుంది."

"మీరు తేదీ తప్పడం నేనెప్పుడూ చూళ్లేదే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని టోపీ సర్దుకున్నాడు.

జూన్ 21

ఆ పేజీ ఆడ్రా టైపు చెయ్యలేదు. తక్కిన పేజీల అడుగున, తిరగేసి పెట్టి ఇచ్చింది.

"ఇదొక్కటీ నేను కొట్టను," అంది. అంతే.

జూన్ 22

సరే, రాస్తాను. చరిత్రలో కాదు, ముందు ఇక్కడ.

టోబిన్ రుస్కో. 1989 జూన్ 3న వచ్చాడు. పందొమ్మిదేళ్లు, ఒహాయో నుంచి. తాత్కాలికం వాడు. అంటే కాలేజీల పెద్ద పోటీ ముగిసి అసలు ఆటగాళ్లు మా ఊరికి చేరేదాకా జాగా నింపేవాడు. అలాంటివాళ్లలో బాగా ఆడినవాణ్ణి ఉంచేస్తారు, తక్కినవాళ్లను బస్సెక్కిస్తారు. ఆ ఏడు రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడే చోటికి ఇద్దరు తాత్కాలికాలు ఉన్నారు. మిగిలేది ఒక్కరు. టోబిన్ మా ఇంట్లో ఉండేవాడు.

మాకు పిల్లలు లేరు. ఈ సంగతి నేను నా డైరీలో కూడా ఇన్నాళ్లకు రాస్తున్నాను. ఏటా ఎవరో ఒకరు మా ఇంట్లో ఉండేవారు, వెళ్లేవారు. టోబిన్ వేరు. ఆడ్రాకు కుట్టుమిషను బాగుచేసి పెట్టాడు. వంటింట్లో ఆమె పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తూ, వాళ్లూరి చర్చి పాటలు తప్పుగా పాడేవాడు. ఆమె వాడి ప్రతి ఆటకూ నా పక్క కుర్చీలో కూర్చునేది. అప్పటికి ఆ కుర్చీ ఆమెదే.

జూన్ 30న నా వెనక వరసలో ఎవరో అన్నారు, "ప్రౌటీ మాస్టారి ఇంటి కుర్రాడికి ఎర్రర్ పడదులే, పొద్దున పాన్‌కేకులు ఒకే బల్ల మీద తింటారు." పదిమంది నవ్వారు. నేను వెనక్కి తిరగలేదు.

మర్నాడు, జూలై 1, శనివారం. ఆఖరి ఇన్నింగ్స్. బంతి నేల మీద దొర్లుతూ టోబిన్ వైపు వచ్చింది. ఎండకు నేల బీటలు వారి ఉంది. బంతి దేనికో తగిలి వాడి భుజం మీదుగా ఎగిరింది.

ఎర్రర్ అని రాశాను. పెన్నుతో. నేనెప్పుడూ పెన్నుతోనే రాస్తాను.

ఆదివారం పొద్దున మేనేజరు స్ట్రౌడ్ హోటల్లో కూర్చుని నా పుస్తకం తెప్పించుకున్నాడు. రెండో కుర్రాడి పేరున నాలుగు ఎర్రర్లు, టోబిన్ పేరున అయిదు. మధ్యాహ్నం బస్సు.

శనివారం ఆట అయ్యాక కారులో ఆడ్రా, "అది రాయికి తగిలింది వెండెల్. నువ్వు చూశావ్," అంది.

"పెన్నుతో రాసేశాను," అన్నాను. అంతకంటే మంచి మాట ఒక్కటీ దొరకలేదు నాకు.

వాణ్ణి ఎక్కించడానికి బస్సు స్టాపుకు ఆమె ఒక్కతే వెళ్లింది. గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టి తీసుకెళ్లింది. నేను ఇంట్లో కూర్చుని వారం లెక్కలు సరిచూశాను.

తర్వాతి ఆటకు కుర్చీ ఖాళీ. గడ్డి పడదని నేనే అందరికీ చెప్పాను. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను.

జూన్ 23

నిన్నటిది మళ్లీ చదివాను. నేల బీటలు, రాయి అంటూ అన్నీ రాశాను గాని, ఒక్కటి రాయలేదు. బంతి ఇంకా గాల్లో ఉండగానే నా పెన్ను కాగితం మీద ఉంది. నేను బంతిని చూడలేదు. వెనక వరసను విన్నాను.

జూలై 3

1989కి రెండో పేజీ రాసి ఇచ్చాను. "ఆ ఏడు రుస్కో అనే తాత్కాలిక ఆటగాడు మా ఇంట ఉన్నాడు. బంతి అందుకోవడంలో కొంత ఇబ్బంది పడి జూలై మొదట్లో వెళ్లాడు."

కాగితం మళ్లీ అడుగున తిరగబడి వచ్చింది.

జూలై 4

జెండాలు, బాణసంచా. మా వాళ్లు ఏడు పరుగుల తేడాతో ఓడారు. చర్చి కింద గదిలో పడుకునే కుర్రాళ్లకు దోమలట. కుర్చీ, ఫ్లాస్కు.

జూలై 12

మూడో పేజీ, నిజానికి మూడు పేజీలు. అంతా రాశాను. వెనక వరస నవ్వు, రాయి, పెన్ను, శాండ్‌విచ్‌లు. "నా ఇంటి కుర్రాడికి పక్షపాతం చూపానని ఊరు అనుకోకూడదని, అతనికి అన్యాయం చేశాను," అని చివర రాశాను. రాసి రెండుసార్లు చదువుకున్నాను. చాలా బాగా వచ్చింది. ఆఖరి ఆట రోజు ఊరంతా చదువుతుంది, గ్లెండన్ నా భుజం తడతాడు, ఆడ్రా పక్కన ఉంటుంది. ఇదంతా రాస్తుండగానే కళ్ల ముందు కనిపించింది.

జూలై 13

ఆడ్రా వంటింటి బల్ల దగ్గర నిలబడే చదివింది. మూడు పేజీలూ. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"బాగా రాశావ్," అంది.

"అయితే కొడతావా?"

"కొట్టను."

"ఇంకేం కావాలి ఆడ్రా నీకు? తప్పు నాదేనని ఊరందరి ముందూ ఒప్పుకుంటున్నా కదా."

"అదే. ఊరందరి ముందూ." ఆమె కూర్చుంది. "అప్పుడూ ఊరి కోసమే రాశావ్, ఇప్పుడూ ఊరి కోసమే రాస్తున్నావ్. అప్పుడు ప్రౌటీ ఎంత నిక్కచ్చి మనిషో అనాలి. ఇప్పుడు ప్రౌటీ ఎంత పెద్ద మనసో అనాలి. ఈ రెంటి మధ్యా ఆ పిల్లాడెక్కడున్నాడు?"

నియమం అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"వాడికి చెప్పావా? ఒక్కసారైనా ఉత్తరం ముక్క రాశావా?"

"నువ్వు రాస్తుంటావనుకున్నాను. క్రిస్మస్‌కి వాడి దగ్గర్నుంచి వస్తుండేవిగా."

"వచ్చాయి. నాలుగొచ్చాయి." చాలాసేపు బల్ల మీద గుడ్డ మడతలు సరిచేసింది. "బస్సు దగ్గర వాడు అడిగాడు వెండెల్. 'అమ్మా, ఆ ఆఖరి బంతికి ఆయనేం రాశారు?' అని. నేను హిట్ అన్నాను. వాడి మొహం ఎలా వెలిగిందో. 'అయితే పర్లేదు, ఇంటికెళ్లి నాన్నకి చెప్పొచ్చు,' అన్నాడు. శరదృతువులో మొదటి ఉత్తరం. నాన్న నమ్మట్లేదు, ఆ పేజీకి నకలు తీసి పంపమ్మా, అని."

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యను? పంపితే నేను అబద్ధాలకోరునని తేలుతుంది. లేదంటే ఇంకో అబద్ధం ఆడాలి. ఊరుకున్నాను. మళ్లీ రాశాడు. ఊరుకున్నాను. నాలుగోసారి ఏమీ అడగలేదు, కార్డు మీద పేరొక్కటే. తర్వాత రాలేదు." కుర్చీ వెనక్కి తోసి లేచింది. "నీ తప్పు నీ దగ్గరే ఉంటే నేను ఎప్పుడో మర్చిపోయేదాన్ని. అది నా నోట్లోకొచ్చి కూర్చుంది."

ఇరవై రెండేళ్లుగా ఆమె నన్ను శిక్షిస్తోందనుకున్నాను. నా వైపు చూస్తే తన అబద్ధం కనిపిస్తుందని ఎప్పుడూ తట్టలేదు.

జూలై 14

వాన లేదు. ఆట ఉంది. వెళ్లాలనిపించలేదు. వెళ్లాను.

జూలై 19

"వాడి నంబరు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాను.

"నా కుట్టు డబ్బాలో," అంది. ఆరేళ్ల నుంచి ఉందట. గ్రంథాలయంలో కంప్యూటర్ మీద వెతికి రాసుకుందట. ఇళ్ల పైకప్పులు వేసే కంపెనీ, ఒహాయో. కాగితం మడతల దగ్గర చిరిగిపోవస్తోంది. ఆ నంబరు ఆమె ఒక్కసారీ నొక్కలేదు.

జూలై 20

నొక్కలేదు.

జూలై 21

నొక్కలేదు. ఆదివారం అయితే వాడికి తీరిగ్గా ఉంటుంది.

జూలై 25

ఆదివారం గడిచిపోయింది. ఈరోజు సోమవారం. భోజనాలయ్యాక చేశాను. ఆడ్రా గిన్నెలు కడుగుతోంది, కుళాయి హోరు. నాకు వీపు తిప్పి ఉంది.

"టోబిన్ రుస్కోనా? నేను వెండెల్ ప్రౌటీ. టార్బెల్ ఫాల్స్ నుంచి."

సుత్తి చప్పుళ్లు వినిపించాయి, అవి ఆగాయి.

"ప్రౌటీ గారా? ఒక్క నిమిషం ఉండండి. కప్పు మీదున్నా, నిచ్చెన దిగనివ్వండి. పడితే మీరే స్కోరు రాయాలి." గొంతు లావెక్కింది గాని వాడే. "చెప్పండి. అందరూ బాగున్నారా? ఆవిడ బాగున్నారా?"

బాగుంది అన్నాను. అని, చెప్పాల్సింది చెప్పేశాను. రాసుకున్న కాగితం చేతిలోనే ఉంది గాని చూడలేదు. జూలై ఒకటి, ఆఖరి ఇన్నింగ్స్, రాయి, వెనక వరస, పెన్ను. బంతిని చూడకుండా రాశానని కూడా చెప్పాను.

అవతల సుత్తి పెట్టెలో పడేసిన చప్పుడు.

"ఏ బంతండీ?" అన్నాడు.

మళ్లీ చెప్పాను.

"నిజం చెప్తున్నా, గుర్తులేదు. నాన్న దాని గురించి ఓ ఏడాది సతాయించినట్టు లీలగా గుర్తు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. మీ ఊరి నుంచి వచ్చాక నేను ఇంకో రెండేళ్లు ఆడి మానేశా. అందరూ ఎక్కడో అక్కడ మానేసేవాళ్లే కదండీ. దానికోసం ఇన్నేళ్లకి ఫోన్ చేశారా?"

"అవును."

"సరే, మీరు అడిగారు గనక నేనూ ఒకటి అడుగుతా. మీ ఇంట్లో నేనేం తప్పు చేశాను?"

"నువ్వా?"

"ఆవిడకి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. సొంత అమ్మ పోయిన పిల్లాణ్ణి ప్రౌటీ గారూ, ఆ నెలరోజులూ నాకు ఎంతో మీకు తెలీదు. ఏమయ్యుంటుందా అని చాలా ఏళ్లు ఆలోచించా. చివరికి ఆ గిన్నె సంగతే తెలిసిపోయిందనుకున్నా."

"ఏ గిన్నె?"

"నీలం గిన్నె. తుడుస్తుంటే జారింది. భయపడి ముక్కలు మీ గరాజు వెనక పాతిపెట్టా. చెప్పేద్దామనుకుంటూనే బస్సొచ్చేసింది. ఆవిడ మేనత్త ఇచ్చిందని చెప్పేవారు కదా. అందుకే నా మొహం చూడకూడదనుకున్నారేమో అనుకున్నా. మా ఆవిడకి కూడా అదే చెప్పా."

"నీలం గిన్నె పగలగొట్టింది నువ్వా?" అన్నాను, పైకే.

కుళాయి ఆగింది.

ఆడ్రా చేతులు తుడుచుకోకుండానే వచ్చింది. ఫోను నా చేతిలోంచి తీసుకుంది. "టోబిన్," అంది. తర్వాత తీగ సాగినంత దూరం లాక్కుంటూ పెరటి మెట్ల మీదికి వెళ్లి కూర్చుని, తలుపు దగ్గరికి వేసుకుంది. తీగ తలుపు సందులో నలుగుతోంది. గడియారం చూశాను, అలవాటు. నలభై ఒక్క నిమిషాలు. కిటికీలోంచి ఆమె వీపు కనిపించింది, ఒకసారి భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ఇక్కణ్ణుంచి తేల్చలేకపోయాను.

లోపలికొచ్చాక, "ముగ్గురు కూతుళ్లట," అంది.

"ఆఖరి ఆటకి వస్తాడా?"

"రాడు. ఆగస్టంతా కప్పుల పనే. పైగా ఎందుకొస్తాడు, వాడికి ఆట మీద ఏముందని." ఫోను పెట్టేసింది. "హిట్ అని అబద్ధం చెప్పానని చెప్పాను. 'అమ్మా, దానికా ఇన్నేళ్లు మాట్లాడకుండా ఉన్నావ్,' అన్నాడు. ఇన్నేళ్లు వెండెల్. వాడి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్ల నాన్న పోయాడు. ఒక్కదానికీ నేను లేను."

నేను లేచి నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాను.

"గిన్నె నీ పేరున రాశాను. అది కొట్టేస్తున్నా," అంది.

మిగతాదాని సంగతి అడగలేదు.

జూలై 26

ఆడ్రా గరాజు వెనక తవ్వుతోంది.

జూలై 28

1989 పేజీ వచ్చింది, ఆమె సొంతంగా కొట్టినది. ఒక్క వాక్యం: "ఈ వేసవి టోబిన్ రుస్కో ఇరవై తొమ్మిది రోజులు ఆడాడు." నా మూడు పేజీలు దానికింద ఉన్నాయి, ఈసారి తిరగేసి లేవు. పొయ్యిలో వేశాను.

గ్లెండన్ చదివి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"వానలు తీసేశారన్నమాట," అన్నాడు. వాడు జామెట్రీ తప్పడం నా తప్పేనేమో.

ఆగస్టు 2

అచ్చుకు వెళ్లింది. ఆడ్రాను అడిగాను, శనివారం వస్తావా అని. పన్నెండు వారాలుగా అడగాలనుకుంటున్నాను, ఇవాళ నోరు పెగిలింది.

"చూద్దాం," అంది. తర్వాత, "నాకు గడ్డి పడదు కదా," అంది. మొహంలో ఏమీ లేదు.

ఆగస్టు 5

గెలిచాం, మూడు పరుగుల తేడాతో. రేపు ఆఖరు. ఆడ్రా పగలంతా వసారాలో కూర్చుని నీలం ముక్కలు అతికించింది. ఒక ముక్క దొరకలేదు.

ఆగస్టు 6

పొద్దున్నుంచీ మబ్బు. జనం బాగా వచ్చారు, అయిదు వందలు దాటి ఉంటారు. వీళ్లలో సగం మందికి తలా ఒక మంచం ఉంటే జట్టు ఉండేదని గ్లెండన్ మైకులో అన్నాడు. అందరూ నవ్వారు. కొందరు నవ్వలేదు. చరిత్ర పుస్తకాలు పంచారు. పాత ఆటగాళ్లు ఓ ముప్పైమంది వచ్చారు, బట్టతలలతో. నేను వల వెనక నా బల్ల దగ్గర రెండు కుర్చీలూ వేశాను. ఫ్లాస్కు పెట్టాను.

మొదటి ఇన్నింగ్స్ అయింది, రెండోదీ అయింది. వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాను, చూస్తూనే ఉన్నాను.

మూడో ఇన్నింగ్స్ మధ్యలో ఎవరో ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టారు. ఆడ్రా. చేతిలో గొడుగు. కూర్చుంది. మా వెనక వరసలో మాటలు తగ్గాయి. ఆమె మైదానం చుట్టూ ఒకసారి చూసింది.

"కంచెకి రంగు మార్చారే," అంది.

"తొంభై ఆరులో," అన్నాను.

నాలుగో ఇన్నింగ్స్‌లో బంతి నేల మీద దొర్లుతూ మా వాడి వైపు వచ్చింది. అదే చోటు, రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య. ఏదో తగిలి పక్కకు పోయింది. కొట్టినవాడు మొదటి బేస్ చేరిపోయాడు. అలాంటి బంతి సరిగ్గా అక్కడికే ఎందుకొచ్చిందో తెలీదు. నా పెన్ను పైకి లేచింది.

ఆమె నా మణికట్టు మీద చెయ్యి వేసింది.

"ఆగు. బంతి ఆగనీ."

ఆగాను. బంతి గడ్డి అంచు దాకా వెళ్లి ఆగింది. మా కుర్రాడు పోయి తీసుకున్నాడు, జట్టువాడికి విసిరాడు, టోపీ సర్దుకుని తన చోటికి వచ్చాడు. అంతా అయ్యాక పెన్ను ఆమెకు ఇచ్చాను.

"నువ్వు చూశావా?" అంది.

"చూశాను."

"నేనూ చూశాను," అని గడిలో హిట్ అని రాసింది. ఆమె అక్షరాలు నా పుస్తకంలో ఉండటం అదే మొదటిసారి.

అప్పుడే వాన మొదలైంది. నేలకు టార్పాలిన్ కప్పారు. జనం కార్లకు పరిగెత్తారు. మేము గొడుగు కింద కూర్చున్నాం. గంటా పది నిమిషాలు. ఆమె టోబిన్ కూతుళ్ల పేర్లు చెప్పింది. రెండోదాని పేరు ఆడ్రా. 2001లో పుట్టిందట. ఆమె దాన్ని నాకు పన్నెండు రోజులు చెప్పకుండా దాచుకుంది. నాకు చెప్పాలంటే తనకు ముందు అలవాటు కావాలంది.

అయిదున్నరకు అంపైర్ ఆట రద్దని చేతులు ఊపాడు. గ్లెండన్ చరిత్ర పుస్తకం నెత్తిన పెట్టుకుని నీళ్లలో తడబడుతూ వచ్చాడు. ఆడ్రాను చూసి టోపీ తీయబోయాడు, నెత్తిన పుస్తకం ఉంది, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"నాలుగు ఇన్నింగ్సే మాస్టారూ. లెక్కలోకి రాదు. అయితే మన ఆఖరి ఆట నిన్నటిదేనా?"

"నిన్నటిదే. నియమం," అన్నాను. ఈ మాట ఇంత చేదుగా ఉంటుందని ముప్పై ఆరేళ్లప్పుడు తెలియదు.

ఆమె లేచింది. కుర్చీ బట్ట మీద ఆమె కూర్చున్నంత మేర పొడిగా ఉంది. నేను పుస్తకం సంచిలో పెట్టేలోపు అదీ తడిసింది.

ఇంటికొచ్చాక ఆ పేజీని అడ్డంగా కొట్టెయ్యాలి, ఎప్పుడూ చేసేదే. కొట్టలేదు. చింపి ఈ డైరీలో పెడుతున్నాను.

రాఫ్టర్స్, ముప్పై తొమ్మిదో వేసవి. ఆఖరి ఆట జరగలేదు. ఆడ్రా వచ్చింది.